‘బాగా రాశావు, కానీ అలాంటి నాన్న నాకు లేడు’

పేరు, ఊరు వేయవద్దంటూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, అందుకే కుదించి చెబుతున్నాను.

ఆవిడకు నలభై ఒక్కేళ్లు. ఎనిమిది నెలల కిందట తండ్రి పోయారు, డెబ్బై అయిదేళ్ల వయసులో. ఆయన లారీ డ్రైవరు. మొదటి బిడ్డ, అంటే ఈవిడ అన్నయ్య, పుట్టినప్పటి నుంచి అతనికి పన్నెండేళ్లు వచ్చేదాకా ఆయన నెలలో ఇరవై రోజులు లోడుతో రోడ్డు మీదే. ఈవిడ పుట్టిన ఏడాదికి దూరం ట్రిప్పులు మానేసి, ఒక ఫ్యాక్టరీలో స్టాఫ్ బస్సు నడిపే పనికి కుదిరారు. అప్పటినుంచి సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండేవారు. సరిగ్గా ఆ ఏడే అన్నయ్యను హాస్టల్లో వేశారు.

చివరి తొమ్మిదేళ్లు ఈవిడ పిల్లల్ని దాదాపు ఆయనే పెంచారు. రాత్రి పడుకోబోయే ముందు మనవడి పెన్సిళ్లన్నీ బ్లేడుతో చెక్కి, మొనలు ఒకే వైపుకు ఉండేలా డబ్బాలో సర్దేవారట. ఆ పని ఒక్క రాత్రి కూడా మానలేదట.

మొదటి వర్ధంతికి దగ్గరివాళ్లను పిలిచి, ఆయన జీవితం మీద చిన్న పుస్తకం పంచాలని ఇంట్లో అనుకున్నారు. రాసే పని ఈవిడ మీద పడింది. పది పేజీలు రాసి అన్నయ్యకు పంపితే రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది: ‘బాగా రాశావు. కానీ అలాంటి నాన్న నాకు లేడు. అందులో నా పేరు వెయ్యకు.’ తల్లేమో, ‘పోయిన మనిషి మీద ఇప్పుడు పంచాయితీ దేనికి, నువ్వు రాసింది రాసినట్టు వేసెయ్’ అంటోంది.

ఈలోగా పాత ట్రంకుపెట్టెలో తండ్రి ట్రిప్పుల నోట్‌బుక్కులు దొరికాయి. తేదీ, సరుకు, కిలోమీటర్లు, డీజిలు. అంకెల పక్కన అక్కడక్కడా వేరే మాటలు: ‘పెద్దాడికి జ్వరం. ఫోను కలవలేదు.’ ‘రేపట్నుంచి పెద్దాడికి పరీక్షలు.’ ఆ పేజీని ఫొటో తీసి, అన్నయ్యకు చెప్పకుండా పుస్తకం చివర వేస్తే, నలుగురిలో అది చూసి ఆయన మనసు కరుగుతుందని ఈవిడ ఆశ. ‘వెయ్యమంటారా?’ అన్నది ప్రధాన ప్రశ్న.

ఇంకో మూడు దిగుళ్లు కూడా ఉన్నాయి. తొమ్మిదేళ్ల కొడుకు తాతయ్య మాటే ఎత్తడం లేదు. తాతయ్య చివరిసారి చెక్కిన పెన్సిళ్లను డబ్బాలోంచి తీయకుండా, బడిలో పక్కవాడిని అడిగి రాసుకుంటున్నాడని టీచరు చెప్పింది. తాతయ్య పోయేనాటికి రెండేళ్లు నిండిన కూతురు అప్పుడే ఆయన్ని అడగడం మానేసింది. ఇక ఈవిడ, తండ్రి పంపిన వాయిస్ మెసేజ్‌లు రోజూ రాత్రి వింటున్నారు. భర్త దాన్ని పుండు గిల్లుకోవడం అంటున్నాడు.

అమ్మా, ముందు నోట్‌బుక్ సంగతి తేల్చుకుందాం. మిగతావాటికి టైముంది, దీన్ని మాత్రం ఒకసారి ప్రింటుకిచ్చాక వెనక్కి తీసుకోలేరు.

అన్నయ్యకు చెప్పకుండా ఆ పేజీ వేస్తే ఏమవుతుందో ఆయన వైపు నుంచి చూడండి. చుట్టూ బంధువులు. చేతిలో పుస్తకం. చివరి పేజీ తిప్పేసరికి తనకు జ్వరమొచ్చిన రోజు, తండ్రి చేతిరాతలో. కరగవచ్చు, కాదనను. కానీ ఆయన కరగడం చూడటానికి నలభైమంది కూర్చుని ఉంటారు. కరగకపోతే, ‘ఇంత ప్రేమించిన తండ్రిని కూడా అర్థం చేసుకోలేదు’ అన్న ముద్ర అక్కడికక్కడే పడిపోతుంది. మీరు ప్రేమతోనే చేయాలనుకుంటున్నారు, కానీ పద్ధతి మాత్రం కోర్టులో ఆఖరి నిమిషాన సాక్ష్యం బయటపెట్టినట్టుంది. అందులో గెలిచినా అన్నయ్య మీకు దూరమవుతాడు.

పైగా ఆ రెండు వాక్యాలు దేనికి రుజువు? ఆ రోజు ఆయనకు కొడుకు గుర్తొచ్చాడనడానికి. ఆ రాత్రి ఆ పిల్లాడి పక్కన తండ్రి లేడన్నది అలాగే ఉంది. మీ నాన్నగారే రాశారుగా, ఫోను కలవలేదని. ఆ మాట అవతలి కొసన ఉన్న పిల్లాడికి చేరనే లేదు. నలభై ఏళ్లు ఆలస్యంగా చేరబోయే ఆ కబురు అన్నయ్య సొత్తు. ముందు ఆయన ఒక్కడికే ఇవ్వండి. ‘ఇది దొరికింది. నాకు చూడగానే ఏడుపొచ్చింది. నీకెలా ఉంటుందో తెలియదు, ఉంచుకో’ అని నాలుగు ముక్కలు రాసి అసలు నోట్‌బుక్కే పంపండి, నకలు మీరు ఉంచుకోండి. జవాబు రాకపోవచ్చు. ఎగతాళిగా రావచ్చు. నెలల తర్వాత ఏ అర్ధరాత్రో ఫోను రావచ్చు. ఏది వచ్చినా ‘చూశావా, నేను చెప్పలేదూ’ అనకుండా ఉండగలిగితేనే పంపండి. అనేస్తారేమో అనిపిస్తే కొంతకాలం మీ దగ్గరే ఉంచండి, నష్టమేం లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మీరిద్దరూ ఎవరి మాట నిజమని తగువాడుకుంటున్నారు. మీ ఉత్తరంలోని లెక్కలే చూస్తే ఇద్దరిదీ నిజమే. అన్నయ్యకు దొరికింది ఇరవై నాలుగేళ్ల తండ్రి: నిద్ర చాలనివాడు, ఇంటికొచ్చిన నాలుగు రోజుల్లో నెల కోపమంతా తీర్చుకునేవాడు. మీకు ముప్పై అయిదేళ్ల తండ్రి, గడియారం చూసుకుని ఇంటికొచ్చేవాడు. మీ పిల్లలకు అరవై ఆరేళ్ల తాతయ్య, చేతినిండా తీరిక ఉన్నవాడు. 1987లో రాబర్ట్ ప్లోమిన్, డెనీస్ డేనియల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను గుదిగుచ్చి ఇదే చెప్పారు: ఒకే కప్పు కింద పెరిగిన తోబుట్టువులకు కూడా అనుభవంలోకి వచ్చే ఇల్లు ఒకటి కాదు, వాళ్ల మధ్య తేడాలకు ఆ విడి అనుభవాలు పెద్ద కారణం. మీ ఇంట్లో అది మరీ కొట్టొచ్చినట్టుంది. నాన్న ఇంటికొచ్చిన ఏడే కొడుకు హాస్టలుకు వెళ్లాడు. మీకు నాన్న దొరికిన రోజులు తనకు అందకుండా పోయినవని అన్నయ్య అనుకుంటే, నేను తప్పుపట్టలేను. అందులో మీ తప్పూ లేదు.

పుస్తకానికి మీ ముందు కొన్ని దారులున్నాయి.

అమ్మ చెప్పినట్టు, రాసింది రాసినట్టు వేయడం అన్నిటికన్నా సులువు. అమ్మకు తృప్తి, బంధువులకు సంతోషం. కాకపోతే ‘పెద్దబ్బాయి పేరేది?’ అని ఎవరో ఒకరు అడుగుతారు, అడిగినప్పుడల్లా జవాబు అమ్మే చెప్పుకోవాలి. రేపు అమ్మ లేని రోజున మీ ఇద్దరి మధ్య మిగిలేది ఆ పుస్తకమే అవుతుంది.

గొడవెందుకని లారీ రోజులు మొత్తం తీసేయడం ఇంకో దారి. మీరు జతచేసిన మొదటి పేజీ చూస్తే మీ మనసు ఇటే మొగ్గుతోందని అనిపించింది. ఆ పన్నెండేళ్లను ‘కష్టపడి పైకొచ్చారు’ అన్న రెండు మాటల్లో దాటేశారు. దీనివల్ల అందరికన్నా నష్టపోయేది మీ నాన్నగారే. పెన్సిళ్లు చెక్కిన తాతయ్యను అందరూ చూశారు, మెచ్చుకున్నారు. ఎవరూ చూడనిచోట రాత్రంతా స్టీరింగు పట్టుకుని, కొడుకు జ్వరం సంగతి డీజిలు లెక్క పక్కన రాసుకున్న మనిషి ఆ పన్నెండేళ్లలోనే ఉన్నాడు. ఇల్లు నిలబడిందీ అప్పుడే, పిల్లాడు తండ్రి లేకుండా పెరిగిందీ అప్పుడే. ఒకటి ఉంచి ఒకటి తీసేయడం కుదరదు.

మూడోది, ఆ రోజుల్ని ఉన్నదున్నట్టు రాయడం. ‘నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండేవారు కాదు. ఉన్న రోజుల్లో కోపం ఎక్కువ. ఆ కోపం ఎక్కువగా అన్నయ్య మీదే పడేది’ అని రాసి ఆగండి. వెంటనే సమర్థన తగిలించకండి. సమర్థన కనపడగానే అన్నయ్య చదవడం ఆపేస్తాడు. ఇలా రాస్తే అమ్మ నొచ్చుకోవచ్చు, కాబట్టి ప్రింటుకు ముందే ఆవిడకు చదివి వినిపించాలి. ఇంకో మాట. మీ మొదటి పేజీలో ‘ప్రేమమూర్తి’ మూడుసార్లు వచ్చింది. ‘త్యాగశీలి’ కూడా ఉంది. ఇవి ఎవరి పేరు పక్కన పెట్టినా అతికిపోయే మాటలు. పెన్సిళ్ల మొనలన్నీ ఒకే వైపుకు పెట్టడం మాత్రం మీ నాన్నగారికే చెల్లింది. ఆ ఒక్క వాక్యం ఉంచి మూర్తులన్నిటినీ కొట్టేయండి.

నాలుగోది, ఎవరి పేజీ వాళ్లే పేరు పెట్టి రాయడం. అమ్మ, మీరు, పాత స్నేహితులు, ఆయనతో బండి ఎక్కిన క్లీనరు ఎవరైనా ఉంటే అతను. అన్నయ్యకు ఒక పేజీ కేటాయించి ‘నీకు నచ్చింది రాయి, ఫొటో ఒక్కటే వేసినా సరే, అసలేమీ వద్దన్నా సరే’ అనండి. అప్పుడు మీరు తీర్పరి కారు, పేజీలు పోగుచేసి కుట్టే మనిషి, అంతే. పుస్తకం అతుకుల బొంతలా ఉంటుంది. ఒక బంధువు ఎలాగూ పద్యంలాంటిదేదో రాసి పంపుతాడు, దాన్నీ వేసుకోవాలి. అన్నయ్య నిజంగానే ఓ చేదు పేజీ పంపితే? అప్పుడు అమ్మతో, ఆయనతో కూర్చుని తేల్చుకోవాలి. పేజీ ఇస్తామని చెప్పాక, వచ్చిందాన్ని మాట్లాడకుండా కత్తిరిస్తే అది మొదటి దారికన్నా ఘోరం.

నన్నడిగితే రెండు వేర్వేరు పనులు చేస్తాను. వర్ధంతికి మడిచిన కాగితం ఒకటి చాలు: ఫొటో, తేదీలు, చేసిన పనులు, ఇంట్లోవాళ్ల పేర్లు, దగ్గర్నుంచి చూసిన రెండు మూడు సంగతులు. అందులో కొడుకుగా అన్నయ్య పేరుంటే ఆయనకు అభ్యంతరం ఉండకపోవచ్చు, అయినా అడిగే వేయండి. ఆయన వద్దన్నది మీ కథకు సంతకం పెట్టడం, కొడుకునని చెప్పుకోవడం కాదని నా ఊహ. పెద్ద పుస్తకం ఇంటికోసం, గడువు లేకుండా, అందరి పేజీలతో తీరిగ్గా తయారవనివ్వండి. దీని లోటు కూడా చెబుతాను: గడువు లేని పుస్తకం చాలా ఇళ్లలో ఎప్పటికీ పూర్తి కాదు.

అమ్మగారు ‘పంచాయితీ దేనికి’ అన్నది తప్పులు కప్పిపుచ్చడానికని మీరు అనుకున్నట్టున్నారు. నాకు వేరేగా అనిపిస్తోంది. ఆయన లేని ఆ ఇరవై రోజులూ ఇల్లు నడిపింది ఆవిడే. ఆ రోజుల్ని తవ్వితే ఆవిడ ఒంటరితనమూ పైకొస్తుంది. దాని గురించి ఆవిడను ఇంతవరకు ఎవరైనా అడిగారా? ఓ మధ్యాహ్నం ఫోన్లో రికార్డింగు పెట్టి (పెట్టానని ఆవిడకు చెప్పి) అడగండి. నాన్న గురించి కాదు, నాన్న ఇంట్లో లేని రోజు ఎలా తెల్లారేది, ఎలా పొద్దుగూకేది అని.

పిల్లవాడి సంగతికొద్దాం. తొమ్మిదేళ్లవాడికి చావంటే ఏమిటో తెలుసు. పోయినవాళ్లు తిరిగి రారన్నది చాలామంది పిల్లలకు ఐదేళ్లకూ ఏడేళ్లకూ మధ్యలోనే అర్థమవుతుంది. మరి ఎందుకు మాట్లాడడంటే, పిల్లల దుఃఖం పెద్దవాళ్లలా ఏకధాటిగా ఉండదు. కాసేపు మునుగుతారు, చటుక్కున లేచి ఆటకు పోతారు, మళ్లీ ఎప్పుడో ఏ సంబంధమూ లేని వేళ వచ్చి ఓ ప్రశ్న వేస్తారు. మీవాడైతే మరచిపోలేదు సరికదా, చెక్కిన పెన్సిలు అరిగిపోతుందని అప్పు చేసి రాసుకుంటున్నాడు. వర్ధంతి రోజు వాడిని లేపి నిలబెట్టి ‘తాతయ్య గురించి రెండు ముక్కలు చెప్పు నాన్నా’ అనకండి.

డబ్బా సంగతి మీకు తెలుసని వాడికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పకపోతే, వాడి బ్యాగులో ఓ నాలుగు మామూలు పెన్సిళ్లు పడేసి ఊరుకోండి, అడుక్కునే బాధ తప్పుతుంది, గుట్టు వాడి దగ్గరే ఉంటుంది. చెప్పదలిస్తే, ఏదో పని చేసుకుంటూ, వాడి ముఖంలోకి చూడకుండా, ‘తాతయ్య చెక్కినవి దాచుకోడానికి వేరే డబ్బా కావాలేమిట్రా?’ అని అడిగి వదిలేయండి. వాడు అవుననవచ్చు, కోపగించుకుని గదిలోకి పోనూవచ్చు. నిద్ర, చదువు, ఆట మూడూ వారాల తరబడి చెడిపోయినా, ‘నేనూ తాతయ్య దగ్గరికి పోతా’ లాంటి మాట నోట వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.

చిన్నదానికి తాతయ్య గుర్తుండరు, ఈ మాట మెత్తగా చెప్పే దారి నాకు దొరకలేదు. పెద్దయ్యాక మనకు మిగిలే తొలి జ్ఞాపకాలు సగటున మూడు, మూడున్నరేళ్ల నాటివి. కాబట్టి ఆ పాప ఆయన్ని ఎరిగేది మీరు చెప్పే కథల్లోంచే. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ ఇంటి కథల మీద ఇరవై ప్రశ్నలతో ఓ పరిశీలన చేశారు: అమ్మానాన్నలు ఎక్కడ కలిశారో తెలుసా, తాతలు ఎక్కడ పెరిగారో తెలుసా, ఇలాంటివి. ఎక్కువ కథలు తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం కూడా ఎక్కువ కనపడింది. జవాబులు బట్టీ పట్టిస్తే ఫలితం వస్తుందనుకోవద్దని వాళ్లే హెచ్చరించారు. కలిసి కూర్చుని చెప్పుకునే అలవాటే అసలు సంగతి. అంతా వైభవంగా సాగిన కథకన్నా, పడి లేచిన కథే పిల్లలకు ఎక్కువ బలమిస్తుందని కూడా వాళ్ల మాట. లారీ రోజుల్ని దాచొద్దని నేననడానికి ఇదొక కారణం.

వాయిస్ మెసేజ్‌లను ఈ వారమే భద్రం చేయండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకుండా ఉంటే సాధారణంగా తొలగిపోతుంది. గూగుల్ ఖాతా రెండేళ్లు తెరవకపోతే అందులోని ఫొటోలతో సహా తీసేయవచ్చన్నది 2023 నుంచి ఆ కంపెనీ నియమం. మీ ఫోనుకు వచ్చినవి మీ దగ్గరే ఉంటాయి, కానీ ఫోను పోయినా, మార్చినా గల్లంతే. చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసే వీలుంది. మూడు నకళ్లు ఉంచండి: ఒకటి కంప్యూటర్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మరో ఇంట్లో. ఆ మరో ఇల్లు అన్నయ్యది అయితే బాగుంటుంది, ఆయన వినకపోయినా సరే. నోట్‌బుక్కులను పగటి వెలుతురులో పేజీ పేజీ ఫొటో తీయండి. భద్రమని లామినేషన్ మాత్రం చేయించకండి, మళ్లీ ఊడదీయడం కుదరదు. పాత ఫొటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ ముందువైపుకు అచ్చు పడుతుంది. ఆ పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లలో అందరికన్నా వయసైనవారి దగ్గరికి ముందు వెళ్లండి.

చివరికి మీ రాత్రుల సంగతి. పోయినవారితో బంధం తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ ఆ నమ్మకాన్ని ప్రశ్నించారు. చాలామంది బంధాన్ని తెంచుకోరు, దాన్ని ఇంకో రూపంలో కొనసాగిస్తారు, అది జబ్బు కాదు అన్నారు. కాబట్టి నాన్న గొంతు వినడం తప్పు కాదని మీవారికి చెప్పండి. ఆయన భయంలో కూడా కొంత పస ఉంది. విన్నాక నిద్ర పడుతోందా, పట్టకుండా పోతోందా? పగలు పనులు సాగుతున్నాయా? పెద్దవాళ్లలో ఏడాది దాటినా రోజువారీ బతుకే నడవనంతగా దుఃఖం పట్టుకుని ఉంటే, 2022 నుంచి అమెరికన్ వైద్యులు దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా లెక్కిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఆ గడువు ఆరు నెలలే. మీ ఉత్తరంలో అంత కనపడలేదు, ఉద్యోగం, పిల్లలు, వంద పనులు చక్కబెట్టుకుంటూనే ఉన్నారు. మీకు మీరుగా అలా ఉందనిపిస్తే కౌన్సెలర్‌ను కలవడానికి వెనకాడకండి. లేదంటే, వినే వేళ రాత్రి నుంచి సాయంత్రానికి మార్చి చూడండి, అప్పుడప్పుడు మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

వర్ధంతికి ఇంకా నాలుగు నెలలుంది. నోట్‌బుక్ పంపాలనుకుంటే ఇప్పుడే పంపండి, పుస్తకం ఊసు అందులో ఎత్తకండి. పేజీ సంగతి ఓ నెలాగి విడిగా అడగండి. వర్ధంతికి పంచే కాగితం ప్రింటుకు నెలరోజుల ముందు ఓ తేదీ పెట్టుకుని, అప్పటికీ అన్నయ్య ఏమీ తేల్చకపోతే మళ్లీ మళ్లీ అడగకుండా మీ పేరు ఒక్కటే వేసుకుని, పైన ‘మా నాన్న, నాకు తెలిసినంత’ అని పెట్టి అచ్చుకు ఇచ్చేయండి.